పదమూడో ప్రశ్న

ఆఫీసులో నన్ను ఎక్స్‌ప్రెస్ అంటారు. మిగతావాళ్ళు రోజుకి ఎనిమిది ఇళ్ళు తిరిగి ఆపసోపాలు పడుతుంటే నేను పద్నాలుగు ముగించుకుని వచ్చి ఫ్యాను కింద కూర్చునేదాన్ని. నీ కాళ్ళకి చక్రాలేమైనా ఉన్నాయా అని ఎవరైనా అడిగితే లోపల్లోపల పొంగిపోయేదాన్ని. ఆ వేగం ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పుకోవలసిన రోజు వచ్చింది.

మాది ప్రజాభిప్రాయం సేకరించే సంస్థ. ఏ సబ్బు నురగ బాగుందో దగ్గర్నుంచి ఎవరికి ఓటేస్తారో దాకా ఏదైనా అడుగుతాం. ఈ ఏడాది ఎండల్లో వచ్చిన పని వేరు. ఊరి చివర బొగ్గు మండించి కరెంటు తయారుచేసే కేంద్రం ఉంది. నలభై ఏళ్ళ పాతది. వాతావరణం వేడెక్కిపోతోంది, బొగ్గు వాడకం తగ్గించాలి అని పైన ఎక్కడో అనుకున్నారు. ఆ కేంద్రాన్ని ఏం చేయాలో దాని చుట్టూ బతికే జనాన్నే అడిగి రమ్మని విద్యుత్ శాఖ మా సంస్థకి అప్పగించింది. ఇరవై రెండు ప్రశ్నలు, చేతికో ట్యాబ్. కేంద్రం గేటుకి ఎదురుగా పనివాళ్ళు ఉండే నాలుగు వీధులూ ఏరి నాకే ఇచ్చారు. ఎక్స్‌ప్రెస్‌ని కదా మరి.

జనం జవాబులు వింటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. భూమి వేడెక్కుతోందని మీరు నమ్ముతున్నారా అన్నది మూడో ప్రశ్న. "నమ్మడమేంటమ్మా, ఈ చెమటకాయలు చూడు" అని ఒకావిడ వీపు చూపించబోయింది. సెలూన్ నడిపే ఆయన కత్తెర ఆపకుండా, "వేడి ఎప్పుడూ ఉన్నదే, మనకే ఒళ్ళు సుకుమారమైపోయింది" అన్నాడు. రిటైరైన మాస్టారొకాయన మంచుకొండలు ఎలా కరుగుతున్నాయో అరగంట పాఠం చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, "నాకు మాత్రం ఏసీ లేకపోతే నిద్రపట్టదు, అది రాయకు" అన్నాడు. ఒక కొత్తకోడలు అత్తగారు వినడం లేదని రూఢి చేసుకుని, ఆరేసిన బట్టల మీద పడే బూడిద గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆ మాట అడగడానికి ఒక మనిషి వస్తుందని ఎన్నాళ్ళుగా ఎదురుచూసిందో ఏమో.

అసలు పితలాటకం పన్నెండో ప్రశ్న దగ్గర. కేంద్రాన్ని ఏం చేయాలి? ఒకటి: వెంటనే మూసేయాలి. రెండు: పనిచేసేవాళ్ళకి వేరే దారి చూపించి మూసేయాలి. మూడు: నడపాలి. నాలుగు: తెలియదు. ఒకటి నొక్కితే ట్యాబ్ ఒక్క గెంతులో పద్నాలుగో ప్రశ్నకి వెళ్ళిపోయేది. రెండు నొక్కితే మాత్రం పదమూడోది తెరుచుకునేది. ఎలాంటి దారి చూపించాలి, వారి మాటల్లోనే రాయండి. కనీసం నూటయాభై అక్షరాలు పడితే తప్ప అది ముందుకి కదిలేది కాదు. అంత చిన్న తెర మీద, చెమట పట్టిన వేళ్ళతో, ఒత్తులూ దీర్ఘాలూ వెతుక్కుంటూ రాసేసరికి తలప్రాణం తోకకి వచ్చేది. ఇంటికి పావుగంట అదనం.

మా సూపర్‌వైజర్‌ని గడియారం సార్ అనేవాళ్ళం. ఫారానికి ఎన్ని నిమిషాలు పట్టిందో తప్ప అందులో ఏముందో చూసే అలవాటు ఆయనకి లేదు. మొదటి రోజు నాకు నాలుగిళ్ళలో రెండు అన్నవాళ్ళు తగిలారు. నాలుగిళ్ళలోనూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని, వాళ్ళు అన్నది అన్నట్టు రాశాను. సాయంత్రానికి ఏడిళ్ళే అయ్యాయి. "ఏంటి ఎక్స్‌ప్రెస్, ప్యాసింజర్ బండివైపోయావు?" అన్నాడు గడియారం సార్, పదిమందీ ఉన్నప్పుడు. నా మొహం మాడిపోయింది. మర్నాటినుంచి ఎవరైనా "మూసేయాలి, కాకపోతే" అనగానే ఆ కాకపోతే తరవాత ఏముందో వింటూనే వేలితో ఒకటి నొక్కేదాన్ని.

మూసేయమనే కదా అన్నారు, నేనేం కల్పించడం లేదే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పైగా అది మూతపడాలని నాకూ ఉంది. కిందటి ఎండాకాలం ఇలాగే ఇళ్ళు తిరుగుతూ ఎవరివో మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయాను. ఆ ఇంటివాళ్ళు తడిగుడ్డ వేసి లేపారు. అప్పట్నుంచీ బొగ్గుపొగ అంటే నాకు వ్యక్తిగతమైన కసి. ఒకటి నొక్కిన ప్రతిసారీ భూమికి ఏదో మేలు చేస్తున్నానని కూడా అనిపించేది. నా బద్ధకానికి అంత గొప్ప సాకు దొరుకుతుందని నేనూ అనుకోలేదు.

ఆరో రోజు మూడో వీధిలో మా అక్కావాళ్ళ ఇల్లు వచ్చింది. వరసలో ప్రతి ఏడో ఇల్లు తీసుకోవాలి, బంధువుల ఇల్లయితే వదిలేసి పక్కింటికి వెళ్ళాలి అని రూలు. పక్కింటికి తాళం. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. అక్క ఇంట్లో చల్లటి నీళ్ళుంటాయి, మడత మంచం ఉంటుంది. రూలుని గుమ్మం బయటే వదిలేసి లోపలికి వెళ్ళాను.

బావ అప్పుడే షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసి కూర్చున్నాడు. బొగ్గు మోసుకెళ్ళే బెల్టు మీద ఆపరేటర్. బెల్టు పక్కనే నడుస్తూ రాళ్ళు ఏరడం, రోలర్లు తిరుగుతున్నాయో లేదో చెవితో కనిపెట్టడం ఆయన పని. ఇరవై ఒక్క ఏళ్ళుగా చేస్తున్నా కాంట్రాక్టు మనిషే. మరదలు ప్రశ్నలడుగుతుందంటే ఆయనకి సరదాగా ఉంది. చొక్కా తొడుక్కుని వచ్చి మరీ ఎదురుగా కూర్చున్నాడు. పన్నెండో ప్రశ్న వచ్చేసరికి నవ్వు ఆపేశాడు.

"మూసేయమనే రాయమ్మా. నేనేం అడ్డం చెప్పను. నా ఊపిరితిత్తుల్లో ఎంత బొగ్గుందో నాకు తెలుసు. మీ అక్కని అడుగు, నా దిండు గలీబు రోజూ ఉతుకుతుంది, మర్నాటికి మళ్ళీ నల్లబడుతుంది. కాకపోతే ఒక్కమాట రాయి. మావాళ్ళందరికీ ముందు ఇంకో పని నేర్పించమను. సోలార్ పలకలు బిగించడమో, వాటిని చూసుకోవడమో. ఏడాది చాలు. మోటార్లు, బేరింగులు మాకు కొత్తా ఏంటి? నేర్పించి, అందులో చేర్చి, అప్పుడు తాళం వెయ్యమను. కావాలంటే ఆ తాళం నేనే వేసి వస్తా."

ఆయన అంత పొడుగ్గా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆలోచించుకుని పెట్టుకున్న మాటలని తెలుస్తూనే ఉంది. ట్యాబ్‌లో టైము చూశాను. ఇంకా అయిదిళ్ళు మిగిలి ఉన్నాయి. వేలు తన దారిన తాను ఒకటి మీదకి వెళ్ళింది.

"రాశావా?" అన్నాడు.

"రాశాను బావా," అన్నాను.

"అది రాసిందంటే అచ్చేసినట్టే," అంది అక్క వంటింట్లోంచి. ఆ గొంతులో గర్వం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మూడు నెలలకి ఫలితాలు పేపర్లో వచ్చాయి. నిపుణులు లోతుగా పరిశీలించి చెప్పిందేమంటే, కేంద్రం గేటు ఎదుట ఉండే పనివాళ్ళ కుటుంబాల్లోనే నూటికి అరవైమంది దాన్ని వెంటనే మూసేయమంటున్నారు. వేరే దారి చూపించమన్నవాళ్ళు నూటికి ఆరుగురే. దాని వెనకే ఉత్తర్వు. ఏడాది చివరికి కేంద్రం మూత. పర్మినెంటు ఉద్యోగులకి బదిలీలు. కాంట్రాక్టు పనివాళ్ళ కోసం అనుకున్న శిక్షణ పథకానికి జనంలోనే కోరిక లేదు గనక ప్రస్తుతానికి దాన్ని పక్కన పెడుతున్నారు.

ఆ పేపరు పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. నేను చేసిన ఫారాలు అరవై ఎనిమిది. నూటికి ఆరుగురు అంటే ఎవరో నాకు లెక్క వేయక్కర్లేదు. నా మొదటి రోజు నాలుగిళ్ళు. పనివాళ్ళ వీధులన్నీ నావే కాబట్టి నేను రాసిందే పనివాళ్ళ మాట అయింది. నేను నొక్కిన ఒకట్లు నలభై ఒకటి. ఒక్కో ఇల్లూ, ఒక్కో గుమ్మం, "కాకపోతే" అంటూ ముందుకి వంగిన ఒక్కో మొహం గుర్తొచ్చింది. కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చాను. ఏడిస్తే ఎవరికి లాభం అని కూడా అనిపించింది, అయినా ఏడ్చాను.

వారంపాటు అక్క ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. ఎనిమిదో రోజు ఎత్తాను. "మీ బావ అన్నం సరిగ్గా తినడం లేదే," అంది. "నలభై తొమ్మిదేళ్ళ మనిషిని ఇప్పుడు ఎవరు పనిలోకి తీసుకుంటారంటాడు. కానీ నీ మీద ఈగ వాలనివ్వడు. వీధిలో వాళ్ళు ఆ సర్వే పిల్లే ఏదో చేసిందంటే కొట్లాటకి వెళ్ళాడు. మా మరదలు నా ఎదురుగా రాసింది, పైవాళ్ళే మార్చేశారు అని."

నాకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఊఁ అని మాత్రం అన్నాను. అంతకన్నా ఆయన నన్ను నానా తిట్లూ తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

ఇక ఉండబట్టలేక గడియారం సార్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు. "ఇప్పుడు నువ్వు నోరు విప్పితే సర్వే మొత్తం కొట్టేస్తారు. ఊళ్ళో పద్నాలుగు వందలమంది చెప్పింది చెత్తబుట్టలోకి పోతుంది. మిగతావాళ్ళంతా ఎండలో పడి కష్టపడి అడిగి వచ్చారు. వాళ్ళ మొహం చూడు. బట్టల మీద బూడిద పడుతోందని చెప్పినవాళ్ళ మొహం చూడు," అన్నాడు. అందులో న్యాయం లేకపోలేదు. కానీ నేను నోరు మూసుకున్నది ఆ న్యాయం చూసి కాదు. నోరు మూసుకోవడానికి ఒక పెద్దమనిషి నాకు కారణం ఇచ్చాడు, అంతే. ఆ పూట నాకు ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

ఆ తేలిక నాలుగు రోజులుంది. అయిదో రోజు మునిసిపల్ హాల్లో వివరణ సభ పెట్టారు. సర్వే చేసినవాళ్ళం కూడా రావాలని కబురొచ్చింది. వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. వేదిక మీద విద్యుత్ శాఖ అధికారి తెర మీద రంగు రంగుల గీతలు చూపిస్తూ, ఇది మీ నిర్ణయమే, మేం మీ మాట విన్నాం అని మర్యాదగా చెబుతున్నాడు. మనిషి చెడ్డవాడేం కాదు. నా ఒకట్లని నమ్మాడు, అంతే.

బావ లేచి నిలబడ్డాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

"సార్, నాదొక మాట. పని చూపించమని నూటికి ఆరుగురే అడిగారన్నారు. మా బెల్టు మీద మేం డెబ్బైమందిమి. అడగనివాడు నాకు ఒక్కడూ కనపడలేదు. నేను అడిగాను. రాసింది పరాయివాళ్ళు కాదు, మా మరదలు. నా ఎదురుగా కూర్చుని రాసింది. మా ఇంటి పిల్ల తప్పు రాయదు. అది రాసింది మీ ఆఫీసులో మార్చేశారు."

హాల్లో గోల లేచింది. "మార్చారు, మార్చారు" అని అరిచారు. అధికారి చేతులెత్తి, "ట్యాబ్‌లో ఏది నొక్కితే అదే మాకు వస్తుంది, మార్చడానికి ఎవరికీ వీలుండదు," అని మొత్తుకున్నాడు. ఆ అరుపుల్లో ఆయన మాట ఎవరికీ వినపడలేదు. అప్పుడు బావ వెనక్కి తిరిగాడు. నా కోసమే వెతికాడు. కనపడగానే మొహం విప్పారింది.

"అదిగో, అక్కడే ఉంది. లేమ్మా. భయపడకు, నేనున్నాను. నేను ఏం చెప్పానో, నువ్వు ఏం రాశావో చెప్పు."

గోల ఆగిపోయింది. రెండు మూడువందల తలలు నా వైపు తిరిగాయి. గడియారం సార్ ముందు వరసలోంచి కళ్ళతోనే వద్దు వద్దంటున్నాడు. మార్చారు అన్న ఒక్క మాట నా నోట్లోంచి వస్తే చాలు, జనం నన్ను నెత్తిన పెట్టుకుంటారు, బావ తల ఎత్తుకుని ఇంటికి వెళతాడు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చిందని ఒప్పుకుంటాను. కానీ ఆయన నా కళ్ళలోకి చూస్తున్నాడు. అలా చూస్తున్న మనిషితో రెండోసారి రాశానని చెప్పడం నావల్ల కాలేదు.

"ఎవరూ మార్చలేదు బావా," అన్నాను. "నేనే రాయలేదు."

వినపడలేదనుకున్నాడేమో, చెవి కాస్త ముందుకి పెట్టాడు.

"మీరు చెప్పారు. మొత్తం చెప్పారు. రాస్తే పావుగంట పడుతుందని ఒకటి నొక్కేశాను. మీదొక్కటే కాదు. ఈ నాలుగు వీధుల్లో నలభై ఒక్క ఇళ్ళలో అలాగే చేశాను."

ముందుగా తేరుకున్నది అధికారే. జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "అయితే మా కార్యాలయం దేన్నీ మార్చలేదని స్పష్టమైంది కదా," అన్నాడు. పక్కనున్న గుమాస్తావైపు తిరిగి, "ఆవిడ అన్నది అన్నట్టుగా రాయండి," అన్నాడు. తరవాత నాతో, "మీరు చెప్పాల్సింది కాగితం మీద పెట్టి ఇవ్వండమ్మా, పరిశీలిస్తాం. ఉత్తర్వు అయితే వెలువడిపోయింది," అన్నాడు. గుమాస్తా వంచిన తల ఎత్తకుండా రాసుకుంటూ పోయాడు.

నన్ను కొడతారనుకున్నాను. ఎవరైనా వచ్చి కొడితే బాగుండునని ఎదురుచూశాను. బావ ఇంకా నిలబడే ఉన్నాడు. ఏం చేయాలో తోచనట్టు చొక్కా కింది అంచు పట్టుకుని లాక్కున్నాడు. తరవాత వేదికవైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"తప్పయిపోయింది సార్. తెలీక మీ ఆఫీసు మీద మాట జారాను. మనసులో పెట్టుకోకండి. చిన్నపిల్ల, దాన్ని కూడా ఏం అనకండి," అన్నాడు.

నాకు ముప్ఫై ఆరేళ్ళు. నా వల్ల పని పోతున్న మనిషి, నా కోసం, తన పని తీసేస్తున్నవాళ్ళకి దండం పెడుతున్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బయటికి వస్తుంటే ద్వారం దగ్గర జనం మూగారు. "మా ఇంట్లో కూడా ఒకటే నొక్కావా?" అని అడిగింది ఆ కొత్తకోడలు. అవునన్నాను. "మాది?" అన్నారు ఇంకెవరో. అవునన్నాను. ఒక్కొక్కరూ అడుగుతూనే ఉన్నారు. తిట్టడం లేదు, తమ మాట ఏమైందో కనుక్కుంటున్నారు. బావ వాళ్ళని తప్పించుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుని స్కూటర్ దగ్గరికి లాక్కెళ్ళాడు. "సరిగ్గా కూర్చో," అని బండి తీశాడు.

దారిలో రెండు సిగ్నళ్ళు పడ్డాయి. రెండోదాని దగ్గర వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "అక్కకి నువ్వేం చెప్పకు. ఊళ్ళోవాళ్ళు ఏమన్నా అననీ. నేనే సరిగ్గా చెప్పలేదని చెప్తాను. మూసేయమన్నాను, అంతే రాసుకుందంటాను. దానికి నువ్వంటే ప్రాణం. తట్టుకోలేదు."

"వద్దు బావా," అన్నాను. పచ్చదీపం పడింది. వినిపించిందో లేదో తెలియదు.

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. మేమిద్దరం కలిసి రావడం చూసి మొహం వికసించింది. "ఏమన్నారు? చూపిస్తామన్నారా పని? ఇది చెప్పిందా?"

"ఏముందిలే," అన్నాడు బావ, స్కూటర్‌కి స్టాండు వేస్తూ. "పొరపాటు నాదే. ఆ రోజు నేనే సరిగ్గా చెప్పలేదట. మూసేయండి అని ఊరుకున్నానట. అది మాత్రం ఏం రాస్తుంది పాపం?"

అక్క అయోమయంగా ఆయన వైపు చూసింది. ఆ రోజు తను విన్నదాన్ని కూడా పక్కన పెట్టి నమ్మబోతోంది. ఆ మనిషి నోట ఎప్పుడూ అబద్ధం విని ఉండదు, నమ్మకేం చేస్తుంది? ఇంకొక్క క్షణం నేను ఊరుకుంటే చాలు, ఈ ఇంట్లో నా చోటు నాకు ఉండిపోతుంది.

"అబద్ధం అక్కా," అన్నాను. "బావ అంతా చెప్పాడు. నువ్వు వంటింట్లోంచి విన్నావు కూడా. నేనే రాయలేదు. రాశానని మీ ఇద్దరికీ అబద్ధం చెప్పాను."

అక్క ఏడుస్తుందనుకున్నాను. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. చాలాసేపు నా చేతులవైపు చూసింది.

"రాస్తే ఎంతసేపు పట్టేదే?" అని అడిగింది.

"పావుగంట," అన్నాను.

బావ లోపలికి వెళ్ళడానికి అక్క పక్కకి జరిగింది. ఆయన వెళ్ళాక మళ్ళీ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది.